కవలల కొలతలు: దేహ పరిమాణములో వారసత్వపు పాలెంత?

తండ్రి ఆస్తికి బిడ్డలు వారసులగుట లోకవిదితము. తండ్రి ఎత్తునకును, తల్లి దేహపుష్టికిని కూడ వారు అట్లే వారసులగుదురా యన్నది ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచిన ప్రశ్న. తెలుగులో మనము వాడుకొను ‘వారసుడు’ అను మాట అరబ్బీలోని ‘వారిస్’ నుండి వచ్చినది. ఉర్దూలో ‘విరాసత్’ అన్నను, తెలుగులో ‘వారసత్వము’ అన్నను మూలమొక్కటియే. కాని ఆస్తి వారసత్వమునకును దేహ వారసత్వమునకును ఒక భేదము కలదు. ఆస్తిని దస్తావేజు చూచి పంచవచ్చును. ఒకని దేహములో తల్లిదండ్రులు ఇచ్చినదెంత, తిన్న తిండియు త్రాగిన నీరును పడిన జబ్బులును చేసినదెంత యని తేల్చుటకు ఏ దస్తావేజును లేదు.

ఇది పండితుల కాలక్షేపమునకు పుట్టిన ప్రశ్న కాదు. ‘మా వంశమే పొట్టి, ఎంత పెట్టినా ఇంతే’ యని ఒక తల్లి నమ్మినచో, ఎదుగని బిడ్డను వైద్యునికి చూపదు. ‘మాది లావు వంశము, ఏమి చేసినా తగ్గము’ అని ఒక యువకుడు నమ్మినచో, నడకయు మానును, మితాహారమును మానును. ఒక ప్రభుత్వమే అట్లు నమ్మినచో, బడిపిల్లల పళ్ళెములో గ్రుడ్డు దండుగ యనిపించును. కావున వారసత్వపు పాలెంత యన్న లెక్క సరిగా తెలియుట అవసరము. ఆ లెక్క చెప్పనిదేమో తెలియుట అంతకంటె అవసరము.

ప్రకృతి సిద్ధము చేసిన ప్రయోగము

మానవులపై ఇట్టి ప్రయోగములు చేయుటకు ధర్మము అంగీకరింపదు. చోడి విత్తనమును మెట్టలో కొంత, పల్లములో కొంత చల్లి చూచినట్లు బిడ్డలను చల్లి చూడలేము. అయితే ప్రకృతి తానే ఒక ప్రయోగమును సిద్ధము చేసి పెట్టినది. అదియే కవలల జననము.

కవలలు రెండు విధములు. ఒకే అండము ఒకే శుక్రకణముతో ఫలదీకరణము చెంది, ఆ పిండము తొలి దినములలోనే రెండుగా చీలినచో పుట్టువారు సమరూప కవలలు. వీరి జన్యువులు దాదాపు పూర్తిగా ఒక్కటియే. రెండు అండములు రెండు శుక్రకణములతో వేర్వేరుగా ఫలించినచో పుట్టువారు అసమరూప కవలలు. వీరు ఒకే కాన్పున పుట్టిన తోబుట్టువులు మాత్రమే; సగటున సగము జన్యు వైవిధ్యమును పంచుకొందురు. ఆడ, మగ జంటగా పుట్టిన కవలలు సాధారణముగా ఈ రెండవ తరగతివారే. మన యిండ్లలో ‘జుడ్వా’ యన్నను ‘కవలలు’ అన్నను ఈ భేదమును పాటింపము. శాస్త్రమునకు మాత్రము ఆయువుపట్టు ఈ భేదమే.

సమరూప కవలలు ప్రపంచమంతటను వేయి కాన్పులకు సుమారు మూడు, నాలుగు చొప్పున పుట్టుదురు. అసమరూప కవలల సంఖ్య మాత్రము తల్లి వయస్సును బట్టియు, వంశమును బట్టియు, సంతానము కొరకు చేయు వైద్యమును బట్టియు మారుచుండును. పశ్చిమ నైజీరియాలోని యొరూబా ప్రజలలో ఇది మిక్కిలి హెచ్చు. మన దేశమున కేరళలోని మలప్పురము జిల్లా కొడిన్హి గ్రామము కవలల సంఖ్యకు ప్రసిద్ధికెక్కినది. మన తూర్పు గోదావరి జిల్లాలో రంగంపేట మండలపు దొడ్డిగుంట గ్రామమునకును పత్రికలలో అట్టి పేరు వచ్చినది. అచ్చటి బావినీటి మహిమ వలన కవలలు పుట్టుచున్నారని చెప్పుకొందురు. నీటికిని కవలల పుట్టుకకును సంబంధము కలదని శాస్త్రము రుజువు చేయలేదు.

లెక్క యొక్క పద్ధతి

కవలలను చూచి వారసత్వమును అంచనా వేయవచ్చునని 1875లో వ్రాసినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్. రెండు రకముల కవలలను వేరుపరచి, వారి పోలికలను పక్కపక్కన నిలిపి చూచు పద్ధతిని 1924లో జర్మను వైద్యుడు హెర్మన్ సీమెన్స్ స్థిరపరచెను. తర్కము సులభము. రెండు రకముల కవలలును ఒకే యింట, ఒకే కాలమున పెరుగుదురు. కావున సమరూప కవలలు ఒకరినొకరు అసమరూప కవలల కంటె ఎంత హెచ్చుగా పోలియుందురో, ఆ హెచ్చు జన్యువుల వలననే అని చెప్పవచ్చును.

ఆ పోలికను కొలుచుటకు సహసంబంధ గుణకము వాడుదురు. పోలిక పూర్తిగా నున్నచో అది 1. ఏ మాత్రము లేకున్నచో 0. జన్యుశాస్త్రజ్ఞుడు డగ్లస్ ఫాల్కనర్ పేర ప్రసిద్ధమైన సూత్రము ప్రకారము, రెండు గుణకముల భేదమును రెట్టింపు చేసినచో వారసత్వాంకము వచ్చును. ఉదాహరణకు, ఎత్తు విషయమున సమరూప కవలల గుణకము 0.90 అనియు, అసమరూప కవలల గుణకము 0.50 అనియు అనుకొందము. భేదము 0.40; రెట్టింపు చేయగా 0.80. అనగా ఆ జనసమూహములో ఎత్తుల నడుమ కనబడు వైవిధ్యములో నూటికి ఎనుబది పాళ్ళు జన్యు భేదముల వలననే కలిగినవి. సమరూప కవలల పోలిక 0.90లో జన్యువుల పాలు 0.80 పోగా మిగిలిన 0.10 ఇరువురును పంచుకొన్న ఇంటి పరిసరములది. ఒకటికి తక్కువైన 0.10 ఒక్కొక్కరికి విడిగా తటస్థించిన జబ్బులు, గాయములు మొదలగు వానిది. కొలతలోని పొరపాట్లు కూడ ఇందులోనే చేరును.

ఎత్తు వేరు, బరువు వేరు

ఈ మార్గములో మరువరాని గ్రంథము 1937లో అమెరికాలో న్యూమన్, ఫ్రీమన్, హోల్జింగర్ అను మువ్వురు ప్రకటించినది. వారు ఒకచోట పెరిగిన సమరూప కవలలను ఏబది జంటలను, అసమరూప కవలలను ఏబది జంటలను పరీక్షించిరి. అంతటితో ఆగక, పసితనముననే విడిపోయి వేర్వేరు ఇండ్లలో పెరిగిన సమరూప కవలలను పందొమ్మిది జంటలను వెదకి పట్టిరి.

వారి ఫలితములు ఇవి. ఎత్తులో జంటలోని ఇద్దరి నడుమ సగటు భేదము, కలిసి పెరిగిన సమరూప కవలలలో 1.7 సెంటీమీటర్లు, విడిగా పెరిగినవారిలో 1.8 సెంటీమీటర్లు, అసమరూప కవలలలో 4.4 సెంటీమీటర్లు. అనగా ఇండ్లు వేరైనను ఎత్తులో భేదము పెరుగలేదు. బరువు సంగతి వేరు. కలిసి పెరిగిన సమరూప కవలలలో బరువు భేదము 4.1 పౌనులు, విడిగా పెరిగినవారిలో అది 9.9 పౌనులు. అసమరూప కవలలలోని 10 పౌనులకు ఇది ఇంచుమించు సమానము. ఒకే జన్యువులు గలవారైనను, రెండు వంటయిండ్ల తిండి తిన్నవారి బరువులు సామాన్య తోబుట్టువుల బరువులంత దూరమైనవి. ఎముక పొడవునకును, కండ కొవ్వులకును గల భేదమును ఇంత స్పష్టముగా చూపిన కొలతలు అరుదు. పందొమ్మిది జంటలు చిన్న సంఖ్య యని మాత్రము మరువరాదు.

అట్లని బరువులో వారసత్వము లేదనరాదు. 1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందము అమెరికా సైన్యములో పనిచేసిన నాలుగువేలకు పైగా కవలల జంటలను పరిశీలించి, బరువులో కూడ వారసత్వపు పాలు హెచ్చని చూపినది. 1990లో కెనడా శాస్త్రజ్ఞుడు క్లాడ్ బుషార్ చేసిన ప్రయోగము మరింత ఆసక్తికరము. పన్నెండు జంటల సమరూప యువకులకు వారి అవసరమునకు మించి దినమునకు వేయి కెలోరీల ఆహారమును, నూరు దినముల వ్యవధిలో ఎనుబది నాలుగు దినములు ఇచ్చిరి. అందరును తిన్న అదనపు తిండి ఒక్కటియే. కాని పెరిగిన బరువు ఒకనికి 4.3 కిలోలైన, వేరొకనికి 13.3 కిలోలు. జంటలోని అన్నదమ్ములు మాత్రము ఇంచుమించు ఒకే రీతిగా పెరిగిరి. తిండి ఎక్కువైన లావగుట పరిసరము. ఎంత లావగుదుమన్నది కొంతవరకు వారసత్వము. రెండును ఒకే దేహమున పనిచేయుచున్నవి.

2012లో అనేక కవలల పరిశోధనలను కూర్చి చూడగా, ఎత్తును బట్టి లెక్కించిన బరువుసూచిక విషయమున వారసత్వాంకము నూటికి 47 మొదలు 90 వరకు కనబడినది. ఇంత తేడా ఏల? ఈ అంకము కాంతివేగము వలె స్థిరమైన సంఖ్య కాదు. అది కొలిచిన జనమును బట్టియు, వయస్సును బట్టియు, కాలమును బట్టియు మారును.

పద్ధతిలోని చిక్కులు

మొదటి చిక్కు పుట్టుక నాటి బరువు. సమరూప కవలలలో సుమారు మూడింట రెండు వంతుల జంటలు తల్లి గర్భమున ఒకే మాయను పంచుకొందురు. రక్తము సమముగా పంపిణీ కాక ఒకరు బలిసి, ఒకరు చిక్కవచ్చును. అందువలన పుట్టినపుడు సమరూప కవలలకు అసమరూప కవలల కంటె పోలిక తక్కువగా నుండుటయు కలదు. ఏండ్లు గడచిన కొలది సమరూపులు దగ్గరగుదురు, అసమరూపులు దూరమగుదురు. అమెరికాలోని లూయివిల్ నగరమున కవలలను పసితనము నుండి వరుసగా కొలిచినపుడు ఇది తేటపడినది.

రెండవది, సమరూప కవలలను ఇంటివారు ఒకే విధముగా పెంచు అలవాటు. ఒకే గుడ్డలు, ఒకే కంచము, ఒకే ఆట. ఆ పోలికలో కొంత పెంపకము వలన వచ్చియుండిన, సూత్రము దానిని కూడ జన్యువుల ఖాతాలో జమ చేయును.

మూడవ చిక్కు మన ప్రాంతమునకు ప్రత్యేకమైనది. ఆ సూత్రము తల్లిదండ్రులు రక్తబంధువులు కారని అనుకొని కట్టినది. మన ఆంధ్రదేశమున మేనమామ, మేనబావ సంబంధములు అనాదిగా కలవు. ముస్లిము కుటుంబములలో పినతండ్రి, పెదతండ్రి బిడ్డల నడుమ పెండ్లిండ్లును కలవు. 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడిన సుప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరా ఖాన్ అను వారితో కలసి ఆంధ్రప్రదేశములోని ఇట్టి వివాహములను పరిశీలించి 1960లనాటి తొలి సంవత్సరములలో వ్యాసములు ప్రకటించెను. మేనమామ మేనకోడలి సంతానమునకు ఏ జన్యు స్థానమునందైనను ఒకే పూర్వీకుని జన్యువు రెండువైపుల నుండియు వచ్చు అవకాశము ఎనిమిదింట ఒకటి. మేనబావ మరదళ్ళ సంతానమునకు పదునారింట ఒకటి. ఇట్టి కుటుంబముల అసమరూప కవలలు సామాన్య తోబుట్టువుల కంటె హెచ్చు జన్యువులను పంచుకొందురు. అప్పుడు రెండు రకముల కవలల నడుమ భేదము తగ్గి, వారసత్వాంకము ఉన్నదాని కంటె తక్కువగా కనబడును. విదేశముల సూత్రమును మన ఇండ్లకు తెచ్చునపుడు మన బంధుత్వములను కూడ లెక్కలో చేర్చవలెను.

అంకము చెప్పనిది

వారసత్వాంకము 0.80 అన్నంతనే పలువురు ఒక పొరపాటు పడుదురు. 170 సెంటీమీటర్ల ఎత్తుగల వానిలో 136 సెంటీమీటర్లు తల్లిదండ్రులవి, తక్కిన 34 తిండివి అని తలతురు. ఇది అర్థము లేని మాట. ఆ అంకము ఒక మనిషిని గూర్చినది కాదు. ఒక కాలమున, ఒక సమూహములోని మనుష్యుల నడుమ గల తేడాలను గూర్చినది.

దీనినుండి ఒక విచిత్రమైన ఫలితము వచ్చును. ఊరిలో కొందరికి పాలు, పప్పు, గ్రుడ్లు దొరకి, కొందరికి గంజి మాత్రమే దొరకినచో, ఎత్తులలోని తేడాకు తిండియే పెద్ద కారణమగును, వారసత్వాంకము తగ్గును. అదే ఊరిలో అందరు బిడ్డలకును కడుపునిండ మంచి తిండి దొరకినచో, తిండి వలని తేడా పోయి, మిగిలిన తేడా జన్యువులదే యగును, అంకము పెరుగును. కావున హెచ్చు వారసత్వాంకము కొన్నియెడల ఆ సమాజమున బిడ్డలందరికి సమానమైన పోషణ దొరకుచున్నదనుటకు గుర్తు కావచ్చును. తిండి పెట్టనవసరము లేదనుటకు అది ఎన్నడును ఆధారము కాదు.

అంకము హెచ్చుగా నున్నను సమూహమంతయు మారవచ్చును. 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీల కంటె 1996లో పుట్టినవారు సగటున 20 సెంటీమీటర్లు ఎత్తు పెరిగిరి. నూరేండ్లలో ఒక జాతి జన్యువులు అంతగా మారవు. మారినవి తిండి, నీరు, వైద్యము. మానవుని ఎత్తుతో సంబంధముగల పన్నెండువేలకు పైగా జన్యు స్థానములను 2022లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అన్ని స్థానములున్నను, బిడ్డ కంచములో అన్నము లేకున్న అవి చేయగలిగినది స్వల్పము.

మన రాష్ట్రముల అనుభవము

ఇందుకు దూరదేశముల సాక్ష్యమే అక్కరలేదు. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమున ఇరువదితొమ్మిది గ్రామములలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపినది. కొన్ని గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాపిండితో వండిన ఉప్మా అదనముగా ఇచ్చిరి. తక్కిన గ్రామములలో ఇయ్యలేదు. ఆ బిడ్డలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సునకు వచ్చిన పిమ్మట కొలువగా, ఉప్మా తిన్న ఊళ్ళవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు హెచ్చుగా నుండిరి. అవే పల్లెలు, అట్టి కుటుంబములే. తేడా ఒక గిన్నెడు ఉప్మా. 14 మిల్లీమీటర్లు చిన్న కొలతయే. కాని ఆ పిల్లల రక్తనాళముల స్థితియు, ఇన్సులిన్ పనిచేయు తీరును కూడ మెరుగుగా నున్నట్లు తేలినది.

1980లలో కొందరు ఆర్థికవేత్తలు మన దేశపు బిడ్డలు ‘చిన్నవారైనను ఆరోగ్యవంతులే’ యని వాదించిరి. హైదరాబాదులోని ఆ పోషకాహార సంస్థకు పూర్వము అధిపతిగా నుండిన డాక్టరు సి. గోపాలన్ ఆ వాదమును గట్టిగా ఖండించెను. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశములలో మంచి పోషణ గల పిల్లలను కొలిచి 2006లో ప్రమాణములు ప్రకటించినది. అందులో ఢిల్లీ పిల్లలును కలరు. అయిదేండ్ల లోపు పిల్లల పొడవులలోని వైవిధ్యములో దేశముల నడుమ తేడా పాలు నూటికి మూడు మాత్రమే. మంచి తిండి దొరకిన మన బిడ్డయు నార్వే బిడ్డయు తొలి అయిదేండ్లలో ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశపు అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన ఎత్తు లేనివారు. ఈ లోటును వంశమునకు అంటగట్టుట న్యాయము కాదు.

విశాఖవాసులకు ఈ ప్రశ్న దగ్గరి సంగతి. 1933లో రేవు తెరువబడినది మొదలు, 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమగువరకు, ఆ పిమ్మటను, నలుదిక్కుల నుండి కుటుంబములు ఇచ్చటికి వచ్చి చేరినవి. ఉక్కునగరములోను రేవు వాడలలోను వేర్వేరు వంశముల బిడ్డలు పక్కపక్కన పెరుగుచున్నారు. వారి దాయాదులు పల్లెలలోనే యున్నారు. వారసత్వమును పరిసరమును వేరుపరచి చూడగోరువారికి ఇంతకంటె మంచి నగరము అరుదు.

మరియొక సంగతి. 2022 నాటి పోలీసు కానిస్టేబుళ్ళ నియామక ప్రకటనలో పురుషులకు కనీసపు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఏజెన్సీ ప్రాంతపు ఆదివాసులకు 160 సెంటీమీటర్లు. ఈ సడలింపు న్యాయమైనదే. నేడు కొలబద్ద క్రింద నిలిచిన యువకునికి గడచిన బాల్యమును తిరిగి ఇయ్యలేము. కాని ఆ ఏడున్నర సెంటీమీటర్లు మన్యపు బిడ్డల నుదుటి వ్రాత యని భావింపరాదు. అందులో జన్యువుల పాలెంతయో, చలిజ్వరములు, ఆకలి నెలలు, దూరపు ఆసుపత్రులు చేసినదెంతయో, అచ్చటి బిడ్డలకు నిండు పోషణ దొరకిన నాడు గాని తేలదు.

విద్యార్థులు చేయదగినది

ఈ విషయమున మన విద్యార్థులు చిన్న అభ్యాసము చేయవచ్చును. తమకు తెలిసిన కవలలను వారి అనుమతితో, మైనరులైన తల్లిదండ్రుల అనుమతితో కూడ కొలువవలెను. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, చూపు నేలకు సమాంతరముగా నిలుపవలెను. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు అణగుట వలన సాయంకాలమునకు మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గును. కావున ఇద్దరిని ఒకే వేళ కొలువవలెను. మూడుమారులు కొలిచి సగటు తీయవలెను. ముఖపు పోలికను బట్టి సమరూపులని నిశ్చయింపరాదు. రక్తపు గ్రూపులు వేరైన అసమరూపులని చెప్పవచ్చును గాని, ఒక్కటైనంత మాత్రమున సమరూపులని చెప్పలేము. పది జంటలతో వారసత్వాంకము కట్టరాదు. అది పెద్ద సంఖ్యల పని. కొలుచుట, సరిచూచుట, తొందరపడి తీర్పు చెప్పకుండుట అలవడిన చాలును.

అనుమతి మాట ఊరక చెప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆష్విట్జ్ నిర్బంధ శిబిరములో మెంగెలే యను వైద్యుడు కవల పిల్లలపై క్రూర ప్రయోగములు చేసెను. శాస్త్రము పేరు చెప్పి మనిషిని వస్తువుగా చూచినపుడు ఎంతటి ఘోరము జరుగునో అది నేర్పినది.

తుదిగా మేము చెప్పదలచినది ఇది. ఎత్తులో మనుష్యుల నడుమ తేడాకు వారసత్వము పెద్ద కారణమే. బరువులో కూడ దాని పాలు తక్కువది కాదు. ఈ సత్యమును దాచనక్కరలేదు. కాని తాత ఇచ్చిన పొలము ఎంత మంచిదైనను, నీరు పెట్టనిదే పండదు. పొలము ఎవరిదన్నది పుట్టుక నిర్ణయించును. కాలువ త్రవ్వుట మాత్రము ఊరివారందరి బాధ్యత.